తూర్పు ఖాతా, ఉత్తరపు ఖాతా



ఖరగ్‌పూర్ నుంచి విశాఖపట్నం ఎంత దూరం? ఖరగ్‌పూర్‌లో ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే పేటలో ఏ తెలుగింటి గుమ్మం ముందు నిలబడి అడిగినా తడుముకోకుండా చెప్పేస్తారు. 760 కిలోమీటర్ల పైచిలుకు అంటారు. అది రైలు దారి లెక్క. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో, అందరూ బి.ఎన్.ఆర్. అని పిలుచుకున్న కాలంలో, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి రైల్వే కొలువుల కోసం ఇటు వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పండక్కీ, పెళ్లికీ, పురుటికీ తిరిగి తిరిగి, ఆ దారి వాళ్లకి కొట్టిన పిండి.

ఇప్పుడు అదే ప్రశ్నని కొంచెం మార్చి అడుగుతాను. పట్టాలు వద్దు. వంపులు వద్దు. ఖరగ్‌పూర్ నుంచి విశాఖకి ఒక్క గీత గీయండి. తిన్నని గీత. దాని పొడవెంత? సుమారు 660 కిలోమీటర్లు.

వంద కిలోమీటర్లు తగ్గిపోయింది, గమనించారా? ఊళ్లేమీ దగ్గరికి జరగలేదు. రైల్వేవాళ్ల లెక్క తప్పూ కాదు. మనం అడిగిన ప్రశ్నే మారింది. మొదటిసారి, ఎంత ప్రయాణం చేశాం అని అడిగాం. రెండోసారి, బయల్దేరిన చోటి నుంచి ఎంత జరిగాం, ఎటు జరిగాం అని అడిగాం. మొదటిదాని పేరు దూరం. రెండోదాని పేరు స్థానభ్రంశం.

మళ్లీ చెబుతాను. తిరిగిన దారంతా కలిపితే దూరం. మొదలుకీ చివరకీ మధ్య తిన్నని గీత స్థానభ్రంశం.

ఈ స్థానభ్రంశాన్ని లెక్కకట్టడం ఎలా అన్నది ఇవాళ్టి మన ముచ్చట. ఇంటర్ మొదటి సంవత్సరం భౌతికశాస్త్రంలో, ఖరగ్‌పూర్ పిల్లలకైతే పదకొండో తరగతిలో, ఈ పాఠం మొదట్లోనే వస్తుంది. ఆ ఊళ్లోనే ఐఐటీ ఉంది. 1951లో, బ్రిటిష్‌వాళ్లు స్వాతంత్ర్య యోధుల్ని బంధించిన హిజ్లీ శిబిరం భవనంలో మొదలైంది. ఆ గేటు దాటాలని ఆశపడే పిల్లలందరూ ముందు ఈ పాఠం గడప దాటాలి. చాలామంది ఇక్కడే తట్టుకుని పడతారు. పాఠం కష్టమై కాదు, తొందరపడి. అందుకని ఇవాళ మనం తొందరపడొద్దు. కాగితం, కలం అక్కర్లేదు. మనసులో ఒక బొమ్మ ఉంటే చాలు.

ముందు ఖరగ్‌పూర్ స్టేషన్‌కి వెళదాం. అక్కడి ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. చాలా ఏళ్లపాటు ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం అని దానికి పేరు. 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటేసింది. 2023లో హుబ్బళ్లి ఇంకా ముందుకెళ్లింది. అయినా ఆ ప్లాట్‌ఫారం పొడవేమిటో దాని మీద రోజంతా తిరిగేవాళ్ల కాళ్లని అడగాలి. మహేంద్ర సింగ్ ధోని ఇండియా జట్టులోకి రాకముందు, 2001 నుంచి 2003 దాకా, ఖరగ్‌పూర్‌లోనే టికెట్ ఎగ్జామినర్‌గా పనిచేశాడు.

ఒక టికెట్ ఎగ్జామినర్‌ని ఊహించుకోండి. ఈ కొసన బయల్దేరి ఆ కొస దాకా నడిచాడు. మళ్లీ వెనక్కి నడిచి, మొదట నిలబడ్డ చోటికే వచ్చాడు. ఎంత దూరం నడిచాడు? రెండు కిలోమీటర్లు దాటింది. చెమట పట్టింది. మరి స్థానభ్రంశం ఎంత? సున్నా.

అన్యాయం అనిపిస్తోందా? స్థానభ్రంశానికి చెమటతో పనిలేదు. అది రెండే అడుగుతుంది. ఎక్కడ మొదలుపెట్టావు? ఎక్కడ ఆగావు? మధ్యలో ఏం చేశావో అడగదు.

ఇంకో సంగతి. స్థానభ్రంశం ఎంతో చెబితే సరిపోదు, ఎటో కూడా చెప్పాలి. 'ఇంటి నుంచి 500 మీటర్లు జరిగాను' అంటే మిమ్మల్ని ఎవరూ వెతికి పట్టుకోలేరు. 'ఇంటి నుంచి తూర్పుగా 500 మీటర్లు' అంటే నేరుగా మీ ముందుకొచ్చి నిలబడతారు. ఇలా పరిమాణంతో పాటు దిశ కూడా ఉండే రాశిని సదిశ అంటారు. ఇంగ్లీషు మీడియం పిల్లలు వెక్టర్ అంటారు. ఏ పేరైనా సరే, ఎంత అన్నదీ కావాలి, ఎటు అన్నదీ కావాలి.

ఇప్పుడు అసలు చిక్కులోకి వద్దాం. తూర్పుకి 300 మీటర్లు నడిచారు. తర్వాత ఉత్తరానికి తిరిగి 400 మీటర్లు నడిచారు. దూరం 700 మీటర్లు, అందులో తిరకాసు లేదు. స్థానభ్రంశం కూడా 700 అని రాసేస్తే మాత్రం తప్పు. బొమ్మ చూడండి. తూర్పు గీత ఒకటి. దాని కొస నుంచి నిటారుగా ఉత్తరపు గీత ఒకటి. బయల్దేరిన చోటి నుంచి ఆగిన చోటికి ఏటవాలుగా ఇంకో గీత. త్రిభుజం వచ్చింది. ఒక మూల లంబకోణం. ఏటవాలు గీత దానికి కర్ణం. 300ని 300తో, 400ని 400తో గుణించి, రెండూ కలిపి, వర్గమూలం తీస్తే 500 వస్తుంది. పైథాగరస్ పేరుతో బళ్లో నేర్చుకున్న సూత్రమే. మన దేశంలో యజ్ఞవేదికలు కట్టినవాళ్లు దీర్ఘచతురస్రం కర్ణం గురించి ఇదే మాట బౌధాయన శుల్బసూత్రంలో చెప్పుకున్నారు.

అయితే ఇది తేలిక లెక్క. తూర్పు, ఉత్తరం చక్కగా లంబంగా ఉన్నాయి కాబట్టి ఒక్క త్రిభుజంతో పని అయిపోయింది. నిజం నడకలు ఇంత మర్యాదగా ఉండవు. ఒక వీధి ఏటవాలుగా పోతుంది. ఇంకో వీధి వెనక్కి తిప్పుతుంది. నాలుగు మలుపులు తిరిగాక త్రిభుజం ఎక్కడ గీయాలో తెలియదు. అప్పుడేం చెయ్యాలి?

అప్పుడు రెండు ఖాతాలు తెరవాలి. ఖరగ్‌పూర్ గోల్ బజార్‌లో దుకాణదారు ఒక పుస్తకంలోనే ఇద్దరికి రెండు పేజీలు పెడతాడు చూడండి, అలాగ. ఒక పేజీ మీద 'తూర్పు' అని రాయండి. ఇంకో పేజీ మీద 'ఉత్తరం' అని రాయండి. తూర్పుకి నడిస్తే తూర్పు ఖాతాలో జమ. పడమరకి నడిస్తే అదే ఖాతాలో ఖర్చు. ఉత్తరానికి నడిస్తే ఉత్తరపు ఖాతాలో జమ. దక్షిణానికి నడిస్తే అందులోంచే ఖర్చు. ఒకరి బాకీ ఇంకొకరి పేజీలో రాయకూడదు. ఇదొక్కటే నియమం.

మరి ఏటవాలు నడకని ఎవరి ఖాతాలో వెయ్యాలి? ఇద్దరి ఖాతాల్లోనూ వెయ్యాలి, కానీ పంచి వెయ్యాలి. ఈశాన్యం వైపు నడిచే మనిషి ప్రతి అడుగులోనూ కొంత తూర్పుకి జరుగుతాడు, కొంత ఉత్తరానికి జరుగుతాడు. తూర్పుకి జరిగిన భాగం ఒక అంశ. ఉత్తరానికి జరిగిన భాగం ఇంకో అంశ. సదిశ అంశలు అని పాఠంలో భయపెట్టేవి ఇవే. వాటినే కాంపోనెంట్లు అంటారు.

కాబట్టి పద్ధతి మొత్తం మూడు మాటలు. విడదీయండి. ఏ ఖాతాది ఆ ఖాతాలో కూడండి. ఆఖర్న కలపండి.

ఎలా పంచాలో చెబుతాను. నడక దారికీ తూర్పు గీతకీ మధ్య కోణం ఎంతో చూడండి. నడిచిన పొడవుని ఆ కోణపు కొసైన్ విలువ పెట్టి గుణిస్తే తూర్పు వాటా వస్తుంది. సైన్ విలువ పెట్టి గుణిస్తే ఉత్తరపు వాటా వస్తుంది. లెక్కల మాస్టార్లకి బాగా ఇష్టమైన కోణం ఒకటుంది, 37 డిగ్రీలు. దాని కొసైన్ దాదాపు 0.8. సైన్ దాదాపు 0.6. అంటే 37 డిగ్రీల ఏటవాలులో 500 మీటర్లు నడిస్తే, తూర్పుకి 400, ఉత్తరానికి 300.

ఇక్కడ చాలామంది పిల్లలు ఒక పొరపాటు చేస్తారు. తూర్పుకి ఎప్పుడూ కొసైన్, ఉత్తరానికి ఎప్పుడూ సైన్ అని బట్టీపట్టేస్తారు. అలా కాదు. కోణం ఏ గీతని ఆనుకుని ఉందో ఆ గీతకి కొసైన్. రెండోదానికి సైన్. ప్రశ్నలో 'ఉత్తరం నుంచి తూర్పు వైపుకి 37 డిగ్రీలు' అన్నారనుకోండి. కోణం ఉత్తరాన్ని ఆనుకుని ఉంది. అప్పుడు కొసైన్ ఉత్తరానిది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఆనుకున్న గీతకి కొసైన్.

ఇప్పుడు ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఒక అమ్మాయిని నడిపిద్దాం. ఇది లెక్క కోసం కట్టిన కథ, వీధులు కొలిచి చెప్పింది కాదు. అమ్మాయి రైల్వే క్వార్టర్ నుంచి పాల ప్యాకెట్టు కోసం బయల్దేరింది. ముందు తూర్పుకి 200 మీటర్లు నడిచింది. దుకాణం మూసి ఉంది. అక్కణ్ణుంచి ఏటవాలు దారి పట్టింది. తూర్పు గీతతో 37 డిగ్రీల కోణం, ఉత్తరం వైపు మొగ్గు. ఆ దారిలో 500 మీటర్లు నడిచింది. అక్కడా దొరకలేదు. ఇక నేరుగా ఉత్తరానికి 500 మీటర్లు నడిచింది. పాల ప్యాకెట్టు దొరికింది. ఇంట్లో తాతకి ఫోన్ చేసింది.

"తాతా, పాలు దొరికాయి. 1200 మీటర్లు నడిచాను తెలుసా!"

"నడిస్తే నడిచావులే అమ్మా. ఇప్పుడు ఇంటి నుంచి ఎంత జరిగావు? ఎటు ఉన్నావు? అది చెప్పు."

తాత మంచి ప్రశ్న వేశాడు. ఖాతాలు తెరుద్దాం.

ముందు తూర్పు ఖాతా. మొదటి నడకలో 200 జమ. ఏటవాలు నడకలో తూర్పు వాటా 400 జమ. మూడో నడక నేరుగా ఉత్తరానికి కాబట్టి తూర్పు ఖాతాలో సున్నా. మొత్తం 600.

ఇప్పుడు ఉత్తరపు ఖాతా. మొదటి నడక నేరుగా తూర్పుకి కాబట్టి ఇక్కడ సున్నా. ఏటవాలు నడకలో ఉత్తరపు వాటా 300. మూడో నడకలో 500. మొత్తం 800.

విడదీశాం. ఏ ఖాతాది ఆ ఖాతాలో కూడాం. ఇక కలపడమే మిగిలింది. తూర్పుకి 600, ఉత్తరానికి 800. రెండూ ఒకదానికొకటి లంబం. కర్ణం కనుక్కుంటే సరిగ్గా 1000 మీటర్లు. అమ్మాయి నడిచింది 1200. ఇంటి నుంచి జరిగింది 1000. దిశ చెప్పాలంటే, ఉత్తరపు మొత్తాన్ని తూర్పు మొత్తంతో భాగించాలి. వచ్చినది ఏ కోణానికి టాంజెంటో చూస్తే 53 డిగ్రీలు. తూర్పు నుంచి ఉత్తరం వైపుకి 53 డిగ్రీలు. తాత అడిగిన రెండు ప్రశ్నలకీ జవాబు వచ్చేసింది.

ఇంతకీ ఈ ఖాతాల్ని వేరువేరుగా ఉంచడం ఎందుకు కుదురుతోంది? కారణం ఒక్కటే. తూర్పుకి ఎంత నడిచినా మీరు ఉత్తరానికి ఒక్క అంగుళం కూడా జరగరు. ఉత్తరానికి ఎంత నడిచినా తూర్పుకి ఒక్క అంగుళం జరగరు. లంబంగా ఉన్న రెండు దిశలు ఒకదాని జోలికి ఒకటి పోవు. గెలీలియో 1638లో అచ్చైన తన చివరి పుస్తకంలో విసిరిన వస్తువు కదలికని ఇలాగే విప్పి చూపించాడు. వస్తువు ముందుకి పోవడం ఒక లెక్క. కిందకి పడడం ఇంకో లెక్క. రెండిటినీ విడివిడిగా కట్టి చివర్లో కలిపితే దాని దారి ఏ వంపు తిరుగుతుందో తేలింది. పిల్లలు ఇవాళ ప్రొజెక్టైల్ అని చదివే పాఠం పునాది ఇదే.

వెక్టర్ల లెక్కని ఇప్పుడు మనం రాసే రూపంలోకి తెచ్చినవాళ్లు 19వ శతాబ్దం చివర్లో ఇద్దరున్నారు. ఒకాయన అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు గిబ్స్. రెండో ఆయన ఇంగ్లండులో హెవిసైడ్. ఈయన కాలేజీ మొహం చూడలేదు. టెలిగ్రాఫ్ ఆపరేటరుగా పనిచేస్తూ, సొంతంగా చదువుకుని, లెక్కల పెద్దల సరసన నిలబడ్డాడు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాళ్ల పిల్లలకి ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలనిపించింది.

ఇప్పుడు మొదట వేసిన ప్రశ్నకి లెక్క చూపిస్తాను. ఖరగ్‌పూర్ నుంచి విశాఖ. ప్రయాణాన్ని రెండు ముక్కలు చేద్దాం. ఖరగ్‌పూర్ నుంచి భువనేశ్వర్ ఒక ముక్క. భువనేశ్వర్ నుంచి విశాఖ రెండో ముక్క. ఇక్కడ తూర్పు లేదు, ఉత్తరం లేదు. రైలు తీరం వెంట దక్షిణానికీ పడమరకీ జరుగుతూ పోతుంది. అందుకని ఖాతాల పేర్లు మారుద్దాం. ఒకటి దక్షిణం, ఒకటి పడమర. పేర్లు మార్చుకునే హక్కు మనకుంది.

మొదటి ముక్కలో దక్షిణానికి సుమారు 230 కిలోమీటర్లు, పడమరకి సుమారు 155. రెండో ముక్కలో దక్షిణానికి సుమారు 280, పడమరకి సుమారు 270. ఇవి అక్షాంశాలు, రేఖాంశాల నుంచి తీసిన ఉజ్జాయింపు అంకెలు. దక్షిణం ఖాతా మొత్తం 510. పడమర ఖాతా మొత్తం 425. కలపండి. కర్ణం 660 దాటుతుంది. దిశ, దక్షిణం నుంచి పడమర వైపుకి 40 డిగ్రీలు. అంటే ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఎవరైనా పెద్దాయన వాకిట్లో నిలబడి 'మా ఊరు అటు' అని వేలు చూపించాలంటే, నేరుగా దక్షిణానికి చూపించకూడదు, నేరుగా పడమరకీ కాదు. నైరుతికి చూపించి, వేలిని ఒక పిసరు దక్షిణానికి జరపాలి.

పాఠ్యపుస్తకంలో ఈ లెక్క కొత్తగా కనిపించవచ్చు గానీ, రైలు మార్గాలు వేసినవాళ్లకి ఇది రోజువారీ పని. పట్టాలు పడకముందు సర్వే బృందం నడిచేది. కోణాలు కొలవడానికి థియోడలైట్. పొడవు కొలవడానికి ఇనప గొలుసు. బ్రిటిష్ కాలంలో వాడిన ఒక రకం సర్వే గొలుసు 66 అడుగులు. ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకి, అక్కణ్ణుంచి ఇంకోదానికి, ఇలా విరిగిన గీతలా కొలుచుకుంటూ పోయేవారు. దాన్ని ట్రావర్స్ అంటారు. సాయంత్రం గుడారంలో కూర్చుని ప్రతి గీతనీ రెండుగా విడదీసేవారు. ఉత్తర దక్షిణాల భాగాన్ని లాటిట్యూడ్ అంటారు. తూర్పు పడమరల భాగాన్ని డిపార్చర్ అంటారు. సివిల్ ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఇప్పటికీ ఇవే పేర్లు వాడతారు. మనం చెప్పుకున్న రెండు ఖాతాలు ఇవే.

ఇందులో ఒక తమాషా ఉంది. సర్వే బృందం ఒక పొలం చుట్టూ కొలుస్తూ తిరిగి బయల్దేరిన గుర్తు దగ్గరికే వచ్చిందనుకోండి. స్థానభ్రంశం ఎంత ఉండాలి? సున్నా. అంటే రెండు ఖాతాలూ దేనికది సున్నా చూపించాలి. చూపించకపోతే? కొలతలో ఎక్కడో తేడా వచ్చింది. ప్లాట్‌ఫారం మీద టికెట్ ఎగ్జామినర్ దగ్గర మనకి అన్యాయంగా కనిపించిన సున్నాయే ఇక్కడ తప్పు పట్టుకునే తనిఖీదారు. ఆ చిన్న తేడాని ఏ గీతకి ఎంత అంటగట్టాలి? ఎంత పొడవైన గీతకి అంత వాటా అని అమెరికా నావికుడు, గణితవేత్త నథానియల్ బౌడిచ్ 1808లో నియమం చెప్పాడు. సర్వేయర్లు దాన్ని ఇవాళ్టికీ బౌడిచ్ నియమం అనే పిలుస్తారు.

మనుషుల సంగతి సరే. చీమ సంగతి వినండి. ఆఫ్రికా ఉత్తరాన ట్యునీషియాలో ఉప్పు మైదానాలున్నాయి. చెట్టు లేదు, గుట్ట లేదు. అక్కడ కాటగ్లిఫిస్ అనే ఎడారి చీమ తిండి కోసం బయల్దేరి అటూ ఇటూ వంకరటింకరగా తిరుగుతుంది. ఏదో చచ్చిన పురుగు దొరుకుతుంది. దాన్ని నోట కరుచుకోగానే, వచ్చిన దారిన కాకుండా పుట్ట వైపుకి తిన్నగా గీత గీసినట్టు పరిగెడుతుంది. అంటే తిరిగినంతసేపూ తన స్థానభ్రంశాన్ని ఎలాగో లెక్క కట్టుకుంటూనే ఉంది. దిశని ఆకాశపు వెలుతురు నుంచి తెలుసుకుంటుంది. మరి ఎంత నడిచిందో ఎలా తెలుస్తుంది? 2006లో శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రకటించారు. తిండి దగ్గరికి వచ్చిన కొన్ని చీమలకి పంది వెంట్రుకలతో కర్రకాళ్లు కట్టి కాళ్లు పొడుగు చేశారు. అవి పుట్టని దాటి చాలా ముందుకెళ్లి వెతుక్కున్నాయి. కాళ్లు పొట్టి చేసిన చీమలు పుట్ట రాకముందే ఆగి వెతుక్కున్నాయి. దూరం కొలవడానికి చీమ తన అడుగుల్నే ఆధారం చేసుకుంటోందని దాంతో తెలిసింది.

ఇప్పుడు ఒక సందేహం తీర్చాలి. ఎప్పుడూ తూర్పు, ఉత్తరం ఖాతాలే పెట్టాలా? అక్కర్లేదు. ఖాతాలు రెండూ ఒకదానికొకటి లంబంగా ఉంటే చాలు. మళ్లీ స్టేషన్‌కి రండి. పట్టాలు దిక్సూచి చెప్పినట్టే సాగాలని ఎక్కడా లేదు. అక్కడ తూర్పు, ఉత్తరం అని కూర్చుంటే ప్రతి నడకనీ పంచుకుంటూ చావాలి. దానికంటే ప్లాట్‌ఫారం పొడవు ఒక ఖాతా, పట్టాలకి అడ్డంగా ఇంకో ఖాతా అనుకుంటే పని తేలిక.

ఒక ప్రయాణికుడు ప్లాట్‌ఫారం పొడవునా 400 మీటర్లు నడిచాడనుకోండి. తర్వాత ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కి, పట్టాలకి అడ్డంగా 30 మీటర్లు దాటి, అవతలి ప్లాట్‌ఫారం మీద దిగాడు. పొడవు ఖాతాలో 400. అడ్డం ఖాతాలో 30. మరి మెట్లు ఎక్కాడు కదా? దానికి మూడో ఖాతా, ఎత్తు. ఎక్కినంత జమ, దిగినంత ఖర్చు. రెండు ప్లాట్‌ఫారాలూ ఒకే ఎత్తులో ఉన్నాయి కాబట్టి మిగిలింది సున్నా. ఇప్పుడు 400నీ 30నీ కలిపితే కర్ణం ఎంత? 401 మీటర్ల పైన కొంచెం. ఆ 30 మీటర్లు స్థానభ్రంశం పొడవుని ఒక్క మీటరు మాత్రమే పెంచాయి! లంబంగా నడిచిన చిన్న ముక్క పెద్ద ముక్క పొడవుని దాదాపు కదపలేదు.

ఇదే లెక్కని ఇంకొకరు తూర్పు, ఉత్తరం ఖాతాలు పెట్టి కట్టారనుకోండి. వాళ్ల అంశలు వేరే అంకెలు వస్తాయి. కానీ కలిపాక అదే 401. ఎందుకంటే అంశలు మనం పెట్టుకున్న ఖాతాల మీద ఆధారపడతాయి. స్థానభ్రంశం మన ఖాతాల మీద ఆధారపడదు. ప్రయాణికుడు నిజంగా జరిగింది ఎంతో అది అంతే. కాబట్టి లెక్క చేసేముందు ఒక్క క్షణం ఆగి, ఏ ఖాతాలు పెడితే ఎక్కువ నడకలు పంచే పని లేకుండా నేరుగా ఒకే పేజీలో పడతాయో ఆలోచించండి. పరీక్షలో అయిదు నిమిషాలు మిగులుతాయి.

పరీక్ష మాట వచ్చింది కాబట్టి, మార్కులు పోయే చోట్లు చెబుతాను. ఒకటి, పొడవుల్ని నేరుగా కూడేయడం. రెండు, వ్యతిరేక దిశకి జమ వేసేయడం. పడమర నడకకి మైనస్ పెట్టడం మరిచిపోతే తూర్పు ఖాతా ఉబ్బిపోతుంది. మూడు, సైన్, కొసైన్ తారుమారు. దానికి మందు ముందే చెప్పాను, ఆనుకున్న గీతకి కొసైన్. నాలుగోది కొంచెం తెలివైనవాళ్లు చేసే తప్పు. కాలిక్యులేటరు చెప్పిన కోణాన్ని అలాగే నమ్మేయడం. తూర్పుకి 600, ఉత్తరానికి 800 పోయినా, పడమరకి 600, దక్షిణానికి 800 పోయినా కాలిక్యులేటరు 53 డిగ్రీలనే చూపిస్తుంది. మైనస్‌ని మైనస్‌తో భాగిస్తే ప్లస్సే వస్తుంది కాబట్టి. అలా నడిచిన ఇద్దరూ మాత్రం పూర్తిగా ఎదురెదురు దిక్కుల్లో ఉన్నారు. అందుకని చిన్న బొమ్మ గీసుకుని, చివరి చుక్క ఏ మూలలో ఉందో కంటితో చూసి అప్పుడు దిశ రాయండి.

ఇక జవాబు వచ్చాక ఒక తనిఖీ. స్థానభ్రంశం ఎప్పుడూ దూరం కంటే ఎక్కువ కాదు. సమానం కావచ్చు, అదీ ఒకే దిశలో తిన్నగా నడిస్తేనే. లేకపోతే తక్కువే. మీ జవాబు నడిచినదాని కంటే ఎక్కువ వచ్చిందంటే, కాగితం ఇచ్చేముందే తప్పు దొరికినట్టు.

ఆఖరిగా మీకో లెక్క ఇస్తాను. ఇది ఇంట్లో పిల్లలూ పెద్దలూ కలిసి చెయ్యండి. ఒక కుర్రాడు ఇంటి నుంచి పడమరకి 700 మీటర్లు నడిచాడు. తర్వాత తూర్పు నుంచి ఉత్తరం వైపుకి 53 డిగ్రీల ఏటవాలులో 500 మీటర్లు నడిచాడు. 53 డిగ్రీల కొసైన్ దాదాపు 0.6, సైన్ దాదాపు 0.8. చివరగా దక్షిణానికి 100 మీటర్లు నడిచి ఆగాడు. ఇంకోసారి చెబుతున్నాను, రాసుకోండి. పడమరకి 700. తూర్పు నుంచి ఉత్తరం వైపుకి 53 డిగ్రీల్లో 500. దక్షిణానికి 100. మొత్తం నడక 1300 మీటర్లు. ఇంటి నుంచి ఎంత జరిగాడు? ఎటు ఉన్నాడు?

పద్ధతి మీకు తెలుసు. విడదీయండి. ఏ ఖాతాది ఆ ఖాతాలో కూడండి. ఆఖర్న కలపండి. ఎంత అన్నదానికి జవాబు 500 మీటర్లు. వెయ్యి దాటిందంటే పడమర నడకని ఖర్చులో రాయడం మరిచారు, తూర్పు పేజీ ఇంకోసారి చూడండి. ఎటు అన్నది మాత్రం నేను చెప్పను. బొమ్మ గీస్తే మీకే తెలుస్తుంది.